చెమటలు రెండు రకాలు

చెమట ఎవరి ఒంటి మీదిదైనా ఉప్పగానే ఉంటుంది. కానీ చరిత్ర పుటలు కాస్త తిరగేస్తే అందులో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కోరి పట్టించుకున్న చెమట. రెండోది గతిలేక కార్చిన చెమట. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడడం వల్లే మన ఇళ్లలో ఒక అన్యాయమైన మాట చాలాకాలంగా చెలామణీ అవుతోంది.

"మా అమ్మ కాలంలో ఈ షుగర్లూ, బీపీలూ ఎక్కడివి? రోలూ రోకలీ ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లు రాళ్లలా ఉండేవాళ్లు. మిక్సీలొచ్చాయి, ఒళ్లు వంచడం మానేశారు, రోగాలొచ్చాయి!"

వాలుకుర్చీలో వెనక్కి వాలి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఈ మాట అనే పెద్దమనిషి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆయన ఒళ్లు వంచి ఎన్నాళ్లయిందని మాత్రం ఎవరూ అడగరు. పెద్దవాడాయె! మనమూ తల వంచుకుని "నిజమే కాబోలు" అనుకుంటాం. ఇంతకీ ఆ మాటలో నిజమెంత? తేల్చుకోవాలంటే అనంతపురం సీమకు వెళ్లాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల అది. పడినా అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. పెన్న, చిత్రావతి పేరుకు నదులే గాని, ఏడాదిలో చాలా నెలలు ఇసకే పారుతుంది. అలాంటి చోట నీళ్లకైనా, తిండికైనా ఒళ్లు వంచక తప్పలేదు. ఒళ్లు వంచడమంటే ఏమిటో ఆ నేలకు తెలిసినంతగా మరే నేలకూ తెలియదు.

ముందు మొదటి రకం చెమట సంగతి చూద్దాం. అది రాజుగారిది.

1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చి, చూసినవీ విన్నవీ రాసిపెట్టుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయలవారి దినచర్య కూడా అందులో ఉంది. తెల్లవారకముందే రాయలవారు పెద్ద గ్లాసెడు నువ్వులనూనె తాగేవారట. ఇవాళ ఏ డాక్టరైనా వింటే గుండె పట్టుకుంటాడనుకోండి! ఆ నూనే ఒళ్లంతా పట్టించుకుని, చిన్న గుడ్డ కట్టుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు ఎత్తేవారు. తర్వాత కత్తి పట్టి, పట్టిన నూనెంతా చెమటగా కారిపోయేదాకా సాధన చేసేవారు. అదయ్యాక ఒక మల్లుడితో కుస్తీ. అదీ అయ్యాక గుర్రమెక్కి మైదానంలో తెల్లవారేదాకా స్వారీ. ఆ తర్వాతే స్నానం, పూజ, కొలువు.

ఆ రాజులకు పెనుకొండ రెండో రాజధాని. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక అదే అసలు రాజధాని అయింది. మొన్న 2022దాకా అనంతపురం జిల్లాలోనే ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

రాయలవారికి చెమటోడ్చాల్సిన అవసరమేముంది చెప్పండి? చిటికేస్తే పల్లకీ వస్తుంది. చెయ్యి చాపితే పళ్లెం వస్తుంది. ఒళ్లు కదపక్కర్లేని మనిషి గనకనే కోరి కదిపాడు. కూర్చుంటే ఒళ్లు కూడా కూర్చుంటుందని ఆయనకు ఎవరో బాగానే నేర్పారు.

ఆడవాళ్ల మాటేమిటంటారా? దానికీ సాక్ష్యముంది. ఆ తర్వాత అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న మరో పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్, రాజుగారి కొలువులో కుస్తీలు పట్టే స్త్రీలున్నారని రాశాడు. లోపలి లెక్కలు రాసే స్త్రీలూ ఉన్నారన్నాడు. కూర్చుని పని చేసే ఆడవాళ్లూ, కుస్తీ పట్టే ఆడవాళ్లూ ఒకే కోటలో! 500 ఏళ్ల కిందటి మాట ఇది. ఈసారి ఎవరైనా "ఆడవాళ్లకెందుకీ వ్యాయామాలు?" అంటే, న్యూనిజ్‌ని అడగమనండి.

ఇక రెండో రకం చెమట. ఇది పల్లకీ ఎక్కినవాళ్లది కాదు, మోసినవాళ్లది.

అనంతపురం ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు మీద పెద్ద చెరువు కట్టించాడు. బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే ఊళ్లు దాని పక్కన లేచాయి. ఆ అనంతసాగరమే ఇప్పటి అనంతపురం. కట్టించినవాడి పేరు మనకు తెలుసు. గంపలతో మట్టి మోసి కట్ట పోసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ చెరువు గట్టు తెగినప్పుడు ఊరికోసం ప్రాణమిచ్చిందని జనం పాడుకున్న ముసలమ్మ పేరొక్కటే మిగిలింది. 1899లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ముసలమ్మ ముసలిది కాదు సుమా, ఇంటి చిన్నకోడలు! చెరువు నిలవడానికి కోడలి ఒళ్లే అడ్డం పడిందన్నమాట.

దీన్ని మించిన సంగతి 1876లో మొదలైన కరువు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనక ధాత కరువన్నారు. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, విడి జిల్లా అయింది 1882లో. ఆ కరువు అందరికంటే గట్టిగా దెబ్బతీసిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు వెయ్యి, రాళ్లు కొట్టు, మట్టి మొయ్యి, అప్పుడు తిను. పని చెయ్యగలిగితేనే తిండి. ఊళ్లోనే పని పెడితే అవసరం లేనివాళ్లూ వచ్చిపడతారేమోనని దూరంగా పెట్టమన్నారు. ఆకలితో ఉన్నవాడు నడవనూ నడవాలి, రాళ్లూ కొట్టాలి!

1877 జనవరిలో పైప్రభుత్వం పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర మద్రాసు వచ్చి, ఖర్చెక్కువవుతోందని కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలోకు కూడా తక్కువ, దాని మీద కొద్ది చిల్లర. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. పిల్లలకు అంతకంటే తక్కువ.

అప్పుడు మద్రాసు రాజధానిలో ప్రజారోగ్యం చూసే అధికారి డాక్టర్ కార్నిష్ అడ్డం తిరిగాడు. ఊరికే పడి ఉన్న ఒంటికి సరిపోయే తిండి, రాళ్లు కొట్టే ఒంటికి ఎలా సరిపోతుందన్నాడు. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానితో పప్పూ కూరగాయలూ ఉండాలని వాదించాడు. ఇద్దరు దొరలూ కాగితాల మీద పోట్లాడుకుంటూ ఉంటే కూలీలు ఎముకల గూళ్లయ్యారు. చివరికి మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగివచ్చి, ధాన్యం ఒకటింపావు పౌనుకు పెంచి, కాసింత పప్పు చేర్చింది. ఆ కరువులో దక్షిణాదిన లక్షల మంది పోయారు.

ఇప్పుడు చెప్పండి. ఒళ్లు వంచడమే ఆరోగ్యమైతే, ఆ కరువు కూలీలంత ఆరోగ్యవంతులు లోకంలో ఇంకెవరూ ఉండకూడదు కదా! రాయలవారూ బరువులెత్తారు, కూలీలూ బరువులెత్తారు. రాయలవారి కడుపు నిండి ఉంది. ఎప్పుడు ఆపాలో ఆయన ఇష్టం. ఆపాక నీళ్లు తోడి పెట్టేవాళ్లున్నారు. కూలీకి ఈ మూడూ లేవు. తేడా అంతా అక్కడుంది.

మరి మన నాయనమ్మల చెమట ఏ రకానిది?

సీమ ఇళ్లలో తిండి అంటే సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. పేర్లు వినడానికి బాగుంటాయి. ఇప్పుడవి హోటళ్లలో ఎక్కువ ధర పెట్టి తినే వంటలు కూడాను. కానీ రాగులు సంగటి కావాలంటే ముందు విసరాలి. కొర్రలు అన్నం కావాలంటే ముందు దంచాలి, చెరగాలి. ఇంట్లో ఎందరు తింటే అంతమందికీ రోజూ ఆ పనే. తిరగలి పాటలు మనకెంతో ఇష్టం. రేడియోలో వస్తే చెవి ఒగ్గి వింటాం. తెల్లవారుజామున ఆ పాట ఎందుకు పాడేవాళ్లో ఎప్పుడైనా ఆలోచించారా? నిద్ర ఆపుకోవడానికి, భుజం నొప్పి మరిచిపోవడానికి.

ఇక నీళ్లు. 15 లీటర్ల బిందె నిండితే 15 కిలోల పైమాటే. రోజుకు ఎనిమిది బిందెలంటే 120 కిలోలు. నడుం మీద ఒకటి, చేతిలో ఒకటి. కడుపుతో ఉన్నా, బాలింతైనా, జ్వరమొచ్చినా మానడానికి లేదు. అంతా మోస్తే వచ్చే నీళ్లు కూడా అన్ని ఊళ్లలోనూ మంచివి కావు. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయినవాళ్లు ఆ జిల్లాలో ఎందరో. మన నాయనమ్మలు రాళ్లలా ఉండేవాళ్లా? అవును, అరిగిపోయిన రాళ్లలా. వాళ్ల మోకాళ్లూ, నడుములూ, జారిన గర్భసంచులూ ఏ వాలుకుర్చీ కబుర్లలోనూ రావు, అంతే.

అందుకే అవన్నీ ఒక్కొక్కటే పోతూ ఉంటే ఆ తల్లులు సంబరపడ్డారు. పిండిమర వచ్చింది, విసుర్రాయి మూల చేరింది. 1960లలో మిక్సీలు బజారులోకి వచ్చాయి, మెల్లగా మధ్యతరగతి వంటింట్లోకీ వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. దంచే పని లేకుండా తెల్లన్నం సీమ పల్లెల్లోకీ నడిచొచ్చింది. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో 731 ఊళ్లకు గొట్టాలు వేసింది. బిందె పట్టుకుని మైళ్లు నడిచిన ఆడవాళ్లకు ఊళ్లోనే కుళాయి కనిపించింది. ఇవన్నీ ఎవరో ఇచ్చిన విలాసాలు కావు, రావలసిన విముక్తి. దాన్ని తప్పుపట్టే హక్కు బిందె మొయ్యనివాడికి లేదు.

అయితే పెద్దమనిషి మాటలో అసలు నిజమే లేదా? ఉంది. ఒకపాలు ఉంది. న్యాయంగా ఒప్పుకుందాం.

మోసే పని పోయింది. దాని చోట్లో మరో కదలిక రాలేదు. ఆఫీసులో కుర్చీ, ఇంటి ముందు స్కూటీ, సాయంత్రం పిల్లల హోంవర్కు దగ్గర కూర్చోవడం, రాత్రి సీరియల్ ముందు కూర్చోవడం, ఆ పైన సెల్‌ఫోన్. రోజంతా పనే, కానీ పనంతా కూర్చునే!

కూర్చోవడం చెరుపు చేస్తుందని లోకం చాలాకాలంగా అనుమానిస్తూనే ఉంది. 1700లో ఇటలీ డాక్టర్ రమజ్జినీ, వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద పుస్తకం రాస్తూ, దర్జీలూ చెప్పులు కుట్టేవాళ్లూ కనీసం సెలవురోజైనా ఒళ్లు కదపాలన్నాడు. కానీ లెక్కలతో చూపించింది లండన్ డాక్టర్ జెర్రీ మోరిస్. లండన్‌లో రెండంతస్తుల బస్సులుండేవి. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రోజంతా మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొడతాడు. బస్సొకటే, తిరిగే వీధులవే, పుట్టిపెరిగిన పేటలూ దాదాపు అవే. అయినా గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువ, కండక్టర్లకు తక్కువ! 1953లో ఈ సంగతి అచ్చయింది. తపాలా ఆఫీసులో కూర్చునే గుమాస్తాలకీ, ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్‌లకీ మధ్య కూడా అదే తేడా కనిపించింది. మోరిస్ తాను కనిపెట్టినదాన్ని తానే పాటించి, 2009లో 99వ ఏట పోయాడు.

కిటుకు పెద్దదేమీ కాదు. అన్నం తింటే రక్తంలోకి చక్కెర చేరుతుంది. దాన్ని ఎక్కువగా ఖర్చుపెట్టేవి కండలు, అందులోనూ తొడల్లో, పిక్కల్లో ఉండే పెద్ద కండలు. అవి కదిలితే చక్కెర లోపలికి లాక్కుంటాయి. అవి నిద్రపోతే చక్కెర దారి తెలియని చుట్టంలా రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది.

"నేను సన్నగానే ఉన్నాగా, నాకేం?" అంటారేమో. ఆగండి. పుణెలో యాజ్ఞిక్ అని పేరున్న మధుమేహ పరిశోధకుడున్నారు. 2004లో ఆయనా, ఇంగ్లండులో యుడ్కిన్ అనే ఆయన స్నేహితుడూ తమ కొలతలే పక్కపక్కన పెట్టి అచ్చువేశారు. పొడుగుకు తగ్గ బరువు చూస్తే ఇద్దరిదీ ఒకే అంకె. లోపల కొవ్వు చూస్తే దొరగారి ఒంట్లో 9 శాతం, మనవారి ఒంట్లో 21 శాతం! చూపుకి సన్నం, లోపల కొవ్వు. మన దేశంలో చాలామంది శరీరాలది ఇదే తీరట. తరతరాల అర్ధాకలి ఇందుకొక కారణమై ఉండవచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు. ధాత కరువులాంటివి దాటొచ్చిన నేలకు ఈ మాట ఎక్కడో తగులుతుంది. 2023లో అచ్చయిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మనలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది.

ఇక ఆడవాళ్ల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిందాని ప్రకారం, మన దేశంలో చాలినంత కదలిక లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతం అయితే, ఆడవాళ్లలో 57 శాతం. చూశారా, ఆడవాళ్లకే బద్ధకమెక్కువ అని పెద్దమనిషి లేచి కూర్చుంటాడు. కాదండీ. మగవాడు తెల్లవారుజామున చెప్పులేసుకుని బయటికెళితే "వాకింగుకెళ్లాడు" అంటారు. ఆడది వెళితే "ఎక్కడికే, ఇంత పొద్దున్నే?" అంటారు. ఆయన తిరిగొచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. ఆమె తిరిగొచ్చేసరికి టిఫిన్ డబ్బాలు ఖాళీగా ఎదురుచూస్తుంటాయి. రాయలవారికి ఉన్నవి ఆమెకు లేవు: సొంతమైన గంట, నడవడానికి మైదానం, ఆపాక నీళ్లు తోడే చెయ్యి.

"ఇంటి పనంతా వ్యాయామం కాదా?" అంటారు కొందరు. ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, బట్టలుతకడం, బకెట్లు మొయ్యడం లెక్కలోకి వస్తాయి. కానీ పొయ్యి ముందు రెండు గంటలు నిలబడితే కాళ్లు లాగుతాయే గాని ఊపిరి వేగం కాదు. పెద్దవాళ్లు వారానికి 150 నిమిషాలు, ఊపిరి కాస్త వేగమయ్యేలా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజుకు పంచితే 22 నిమిషాలు. ఒక సీరియల్ భాగమంత! గుర్తు చాలా తేలిక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. దానికితోడు వారంలో రెండు రోజులు కండలకు బలమిచ్చే పని ఏదైనా. సీమ ఎండకు పొద్దెక్కకముందో, పొద్దు వాలాకో మేలు. భోజనం అయ్యాక పది నిమిషాలు ఇంటి వరండాలోనైనా అటూ ఇటూ తిరిగితే చక్కెర మాట వింటుంది. మందులు వాడేవాళ్లు డాక్టరుతో ఒక మాట చెప్పి మొదలుపెడితే చాలు.

చెమటలు రెండూ రెండుగానే ఉండిపోనక్కర్లేదని చూపింది కూడా ఆ కరువు సీమే. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. 1877లో పని ఒక పరీక్ష, ఆడదానికి తక్కువ కూలి. 2006లో పని ఒక హక్కు, ఆడామగా కూలి ఒకటే. మట్టి అదే, గంప అదే. చట్టం మాత్రం మారింది. అనంతపురంలోనే 2010లో టెన్నిస్ వీరుడు నడాల్ పేరున పల్లె పిల్లలకు ఆట నేర్పే బడి వచ్చింది. అదే నార్పల మండలం నుంచి ఒక అమ్మాయి, బారెడ్డి అనూష, 2023లో భారత మహిళా క్రికెట్ జట్టులో ఆడింది. నాయనమ్మల తరం చెంబెడు నీళ్లకోసం చెమటోడ్చిన నేల మీద మనవరాలు బంతికోసం చెమటోడ్చింది. అది రాయలవారి చెమట!

కూతుళ్లకు మైదానం దొరికింది. ఇక మిగిలింది తల్లులు.

కాబట్టి అటక మీది రోలు కిందికి దించమని ఎవరైనా అంటే దించకండి. మిక్సీ ఉండనివ్వండి. అది మిగిల్చిన అరగంట ఎక్కడికి పోతోందో మాత్రం లెక్క చూసుకోండి. అది మీకు రావలసిన బాకీ. ఆ పూట టిఫిన్ డబ్బా ఇంకెవరైనా కడతారు. కాఫీ ఇంకెవరైనా కలుపుతారు. వాలుకుర్చీలో పెద్దమనిషి ఉన్నాడుగా, ఆయన ఒళ్లు కూడా కాస్త వంగుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఆయనే చెప్పాడు కదా!